తక్కువ ధర ఈఈజీ బ్యాండ్: గీత మెదడుదా, కరెంటుదా తేల్చుకునేది ఎలా

కర్నూల్లో ఒక ఆసుపత్రిలో పదిహేనేళ్లుగా ఈఈజీ (తల మీద సెన్సర్లు పెట్టి మెదడు కరెంటును గీతలుగా తీసే పరీక్ష) టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. నా మేనల్లుడు అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఏప్రిల్లో సెలవులకు వచ్చినప్పుడు, ప్రాజెక్టు కోసం సీనియర్ దగ్గర కొన్న బ్యాండ్ ఒకటి తెచ్చాడు. నుదుటి మీద ఒకటే సెన్సర్, చెవికి ఒక క్లిప్పు. "అత్తా, గీతలు భలే వస్తాండాయి చూడు" అన్నాడు. చూస్తే తెరంతా ఒకే తీరులో దట్టంగా ఊగుతోంది. వాడి చెయ్యి ల్యాప్‌టాప్ మీద ఉంది, ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి ఉంది. చార్జర్ పీకమన్నాను. అల సగానికి పైగా పడిపోయింది. అప్పటిదాకా మేం మెదడు అనుకుని చూసింది గోడలోని కరెంటును.

ఈ బ్యాండ్లను నేను తక్కువ చేయను. సరిగా పెట్టుకుంటే వీటిలోనూ నిజమైన తరంగం కనిపిస్తుంది. దాన్ని ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలో చెబుతాను.

ముందు, ఎంత చిన్నదాన్ని పట్టుకోబోతున్నామో తెలియాలి. గోడ గడియారంలో వేసే సెల్లు 1.5 వోల్టులు. తల చర్మం మీద దొరికే మెదడు సిగ్నల్ మామూలుగా 10 నుంచి 100 మైక్రోవోల్టులు (వోల్టులో పది లక్షల వంతు ఒక మైక్రోవోల్టు). 50 అనుకుంటే ఆ సెల్లులో 30,000వ వంతు. అంత సన్నటిదానికి చర్మం మీద పలచగా నూనె ఉన్నా అడ్డమే.

అందుకే పని తలస్నానంతో మొదలవుతుంది. నూనె పెట్టుకోకుండా రమ్మని మా పేషెంట్లకు ముందురోజే చెబుతాం. అయినా చాలామంది, ఆసుపత్రికి పోతున్నాం కదా అని, నున్నగా నూనె రాసి దువ్వుకుని వస్తారు. మీరు మాత్రం ముందురోజు రాత్రే షాంపూతో రెండుసార్లు రుద్దుకోండి, కండిషనర్ వద్దు. నుదుటి మీది క్రీము, పౌడరు, విభూతి, బొట్టుబిళ్ల జిగురు అన్నీ పోవాలి. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూది ముంచి, సెన్సర్ ఆనే చోట పది పన్నెండుసార్లు రుద్దండి. చర్మం కొంచెం ఎర్రబడితే చాలు, గీరుకుపోకూడదు. ఆరాక ఒక్క చుక్క నీళ్లు అద్దండి.

అందరూ మరిచిపోయేది చెవి. సిగ్నల్ అంటే రెండు చోట్ల మధ్య తేడా. నుదుటి సెన్సర్ చెవితో పోల్చుకునే లెక్క చెబుతుంది. చెవి దగ్గర కాంటాక్ట్ పోతే నుదురు ఎంత శుభ్రంగా ఉన్నా గీత చెడిపోతుంది. చెవితమ్మెను ముందూ వెనకా స్పిరిట్‌తో తుడవండి. మా అక్కకు బ్యాండ్ పెట్టి చూసినప్పుడు, ఆమె తల కొంచెం కదిలిస్తే చాలు, గీత తెర దాటి పోయేది. నుదురు రెండుసార్లు తుడిచాం, బ్యాండ్ బిగించాం, ఏమీ మారలేదు. చివరికి చూస్తే కమ్మ వెనక శీల క్లిప్పులోని లోహానికి తగులుతోంది. కమ్మలు తీశాక గీత కుదుటపడింది.

పెట్టుకోగానే రికార్డు మొదలుపెట్టొద్దు. పొడి సెన్సర్ కింద చర్మం మెల్లగా చెమ్మగిల్లుతుంది, నాలుగైదు నిమిషాలకు గీత సర్దుకుంటుంది. ఎమోటివ్ ఎపాక్ అనే బ్యాండ్ లాగా ఉప్పునీటితో తడిపే ఫెల్ట్ ముక్కలున్నవైతే అతిగా తడపకండి. నీళ్లు కారి పక్క సెన్సర్‌తో కలిస్తే రెండు గీతలూ అచ్చం ఒకేలా వస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ ఆ రెండూ ఒకే సెన్సర్ కింద లెక్క.

ఇక గది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అమెరికాలో 60. సాఫ్ట్‌వేర్‌లో ఆ కరెంటు రొదను కోసేసే నాచ్ ఫిల్టర్ 60 మీద ఉంటే 50కి మార్చాలి. అయితే ఫిల్టర్ వేసే ముందు ఒకసారి అది లేకుండానే చూడండి. స్పెక్ట్రం (ఏ వేగంలో ఊగేది ఎంత ఉందో చూపే గ్రాఫు) 50 దగ్గర నిటారుగా లేస్తే కాంటాక్ట్ బాగాలేదు, లేదా పక్కన ఏదో నడుస్తోంది. చార్జర్, ట్యూబ్‌లైట్, కూలర్ ఒక్కొక్కటే ఆపుతూ పోతే దొంగ ఎవరో దొరుకుతుంది. మే నెలలో కర్నూల్లో ఫ్యాను ఆపి కూర్చోమని ఎవరికీ చెప్పలేను. ఆపినా చెమట పట్టి గీత మొత్తం నెమ్మదిగా పైకీ కిందికీ తేలుతుంది. మేం తెల్లారి ఐదింటికి మిద్దె మీద చాప వేసుకుని కూర్చున్నాం. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే పెట్టాం. బయోఆంప్ ఈఎక్స్‌జీ పిల్ లాంటి సిగ్నల్ పెంచే చిన్న బోర్డును ఆర్డ్యునో అనే ఇంకో బోర్డు ద్వారా వైరుతో కలిపేవాళ్లు చార్జర్ పీకడం తప్పనిసరి. అక్కడ సంగతి సిగ్నల్ ఒక్కటే కాదు, మీ ఒంటికి తగిలించిన వైరు ల్యాప్‌టాప్ దాకా ఉంటుంది, చార్జర్ ఉంటే షాక్ ప్రమాదం.

ఇప్పుడు పరీక్ష. యాప్ చూపే ఏకాగ్రత అంకెలు పక్కన పెట్టి అసలు గీతను తెరవండి. రెండుసార్లు కళ్లార్పండి. నుదుటి సెన్సర్‌లో రెండు పెద్ద దిబ్బలు రావాలి, రాకపోతే కాంటాక్టే లేదు. పళ్లు గట్టిగా బిగించండి. గీత ముళ్లకంపలా అవుతుంది, అది దవడ, కణత కండరాలది. ఈ రెండింటి ముఖం గుర్తుపెట్టుకుంటే తర్వాత మోసపోరు.

అసలైన పరీక్ష కళ్లు మూయడం. జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి ఈఈజీ తీశాడు, 1929లో ప్రచురించాడు. మెలకువగా కళ్లు మూసుకుంటే తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగం పెరుగుతుంది, తెరిస్తే తగ్గుతుంది. మా ఆసుపత్రి మెషీన్ మీద కూడా నేను రోజూ మొదట చూసుకునేది ఇదే. ఒక నిమిషం కళ్లు తెరిచి, ఒక నిమిషం మూసి, అలా మూడుసార్లు చేయండి. ఒకసారి వస్తే యాదృచ్ఛికం కావచ్చు. ఆరు భాగాలకూ విడివిడిగా స్పెక్ట్రం గీయండి. మూసిన మూడింటిలోనూ 10 దగ్గర గుట్ట లేచి, తెరిచిన మూడింటిలోనూ అణిగితే మీ బ్యాండ్ మెదడును పట్టింది. నుదుటి మీద ఈ గుట్ట చిన్నగానే ఉంటుంది. మ్యూజ్ అనే బ్యాండ్‌లో నుదుటి మీద రెండు, చెవుల వెనక రెండు సెన్సర్లుంటాయి, చెవి వెనకవాటిలో ఇంకా బాగా తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కొందరికి ఆల్ఫా చాలా తక్కువ, కాబట్టి ఇంట్లో ఇద్దరు ముగ్గురికి పెట్టి చూడండి.

దీని తర్వాత మేం కుండకు పెట్టాం. ఉప్పునీళ్లలో తడిపిన నూలుగుడ్డను మట్టికుండకు చుట్టి, సెన్సర్ గుడ్డకు ఆనించి, క్లిప్పును గుడ్డ అంచుకు పెట్టి ఐదు నిమిషాలు రికార్డు చేశాం. అక్కడ వచ్చే గీత మందమే పరికరం సొంత రొద. మీ తల మీది సిగ్నల్ అంతకంటే స్పష్టంగా పెద్దదిగా లేకపోతే వాడుకోలేరు. యాప్ మాత్రం కుండకూ ఏకాగ్రత 40 అని చూపింది. మేనల్లుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

బ్లూటూత్‌లో మధ్యమధ్య డేటా రాలిపోవడం కూడా చూసుకోండి. మ్యూజ్ 2 సెకనుకు 256 నమూనాలు తీస్తుంది, నిమిషానికి 15,360 రావాలి. ఫైల్లో వరుసలు లెక్కపెడితే సరిపోతుంది.

బీటా, గామా అనే వేగమైన తరంగాలంటూ 20 హెర్ట్జ్ పైన చూపేవాటిని నుదుటి బ్యాండ్‌లో నేను నమ్మను. అక్కడ కండరాల కరెంటే ఎక్కువ. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు మందుతో కండరాలు పూర్తిగా సడలించి ఈఈజీ తీస్తే, 20 పైన ఉన్నదాంట్లో చాలా భాగం మాయమైంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. డోన్ నుంచి వచ్చిన ఒక తండ్రి, కొడుక్కి ఫిట్స్ వస్తున్నాయని, ఆసుపత్రికి తిరగకుండా ఇలాంటి బ్యాండ్ కొనుక్కుంటే చాలదా అని అడిగాడు. చాలదు. తలంతా ఇరవై చోట్ల చూసే మా మెషీన్‌లో కూడా ఫిట్స్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి నార్మల్ వస్తుంది. నుదుటి మీది ఒక్క సెన్సర్ చూసి మందులు మానేస్తే పిల్లవాడికి ప్రమాదం. న్యూరాలజిస్టు దగ్గరికే వెళ్లాలి.

మిద్దె మీద రెండో రోజు పొద్దున, మూసిన మూడు నిమిషాల్లోనూ 10 దగ్గర గుట్ట లేచింది, చిన్నదే గానీ మూడుసార్లూ లేచింది. మేనల్లుడు ఆ గ్రాఫును, కుండ గ్రాఫును పక్కపక్కన పెట్టి ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో వేశాడు. కింద తేదీ, టైము, తలస్నానం ఎప్పుడు చేసిందీ, ఫ్యాను ఉందా లేదా, అన్నీ రాశాడు.