డూప్లికేట్ కీ ఎర్రర్ చివరికి ఎలా పోయిందంటే (నా అనుభవం)

కొత్త సర్వర్‌కి డేటా మార్చాక, లెక్కలూ బిల్లులూ నడిపే మా ఈఆర్‌పీలో కొత్త ఇన్‌వాయిస్ సేవ్ చేస్తే ‘డూప్లికేట్ కీ’ ఎర్రర్. పాతవి మాత్రం చక్కగా ఎడిట్ అయ్యేవి. సర్వర్ రీస్టార్ట్, రీఇండెక్స్, మళ్లీ ఇంపోర్ట్... ఏదీ పనిచేయలేదు.

రెండోరోజు ఎర్రర్ కింది వరుస నింపాదిగా చదివాను. ఐడీ 37 ఇప్పటికే ఉందట. మళ్లీ సేవ్ నొక్కితే 38. ఇంకోసారి నొక్కితే 39! అప్పుడు వెలిగింది. మేం పాత ఐడీలతో సహా డేటా ఎక్కించాం కాబట్టి, మా డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లో ఐడీలిచ్చే సీక్వెన్స్ (వరుస అంకెల కౌంటర్) మొదట్లోనే ఉండిపోయి, వాడేసిన అంకెలనే మళ్లీ ఇస్తోంది. ఇన్సర్ట్ ఫెయిలైనా అది వెనక్కి రాదు, అందుకే ఒక్కో అంకె పెరుగుతోంది.

ముందు బ్యాకప్ తీశాను. అందర్నీ లాగౌట్ చేయించాను (అకౌంట్స్ వాళ్ల గొణుగుడు వేరే కథ). టేబుల్లో అతిపెద్ద ఐడీ చూస్తే 18,640. సీక్వెన్స్ పేరు ఊహించకుండా డేటాబేస్‌నే అడిగి తెలుసుకుని, సెట్‌వాల్ ఫంక్షన్‌తో దాన్ని 18,640కి జరిపాను. తర్వాతి ఇన్‌వాయిస్ 18,641గా సేవైంది. ఇన్‌వాయిస్ లైన్ల టేబుల్‌కీ ఇదే చేయాల్సొచ్చింది.

అందరికీ ఇదే మందు అనలేను. మీ ఎర్రర్‌లో ఐడీ బదులు బిల్ నంబరో, జీఎస్‌టీ నంబరో కనిపిస్తే నిజంగానే డూప్లికేట్ ఉండొచ్చు. సేవ్ నొక్కిన ప్రతిసారీ అంకె మారుతోందా లేదా, ముందు అది చూడండి.