కాలిఫోర్నియాలో సీపీఎస్ నోటీసు వచ్చిందా? ఆ 30 రోజుల్లో జాగ్రత్తలు

పిల్లాడి మీద చేయి చేసుకున్నారని స్కూల్ నుంచో, డాక్టర్ దగ్గర్నుంచో ఫిర్యాదు వెళ్తుంది. కౌంటీ సీపీఎస్ (చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీసెస్, పిల్లల రక్షణ విభాగం) నుంచి సోషల్ వర్కర్ ఇంటికొచ్చి అందరితో మాట్లాడి వెళ్తారు. పిల్లాడు ఇంట్లోనే ఉన్నాడు, పోలీసు కేసు లేదు, కోర్టు పిలుపు లేదు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత కౌంటీ నుంచి ఒక కవరు వస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే.

అందులో ఎస్ఓసీ 832 అనే నోటీసు ఉంటుంది. ఆరోపణ ‘సబ్‌స్టాన్షియేటెడ్’ అని తేలింది, అంటే జరగలేదనడం కన్నా జరిగిందనడానికే ఆధారాలు ఎక్కువ ఉన్నాయి, అందుకే మీ పేరు రాష్ట్ర న్యాయశాఖ దగ్గరుండే చైల్డ్ అబ్యూస్ సెంట్రల్ ఇండెక్స్‌కి (పిల్లల మీద హింస ఆరోపణలు తేలినవారి పేర్ల జాబితా), అంటే సీఏసీఐకి, పంపాం అని దాని సారాంశం. వెంట 833, 834 ఫారాలు కూడా వస్తాయి. 833లో పద్ధతి ఉంటుంది. హియరింగ్ (మీ వాదన వినే విచారణ) కావాలని మీరు నింపి పంపాల్సింది 834. నోటీసు తేదీ నుంచి 30 రోజుల్లో అది కౌంటీకి అందాలి. శని, ఆదివారాలు కూడా లెక్కలోకే వస్తాయి. గడువు దాటితే హియరింగ్ హక్కు వదులుకున్నట్టే.

నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ఆ కవరును దయచేసి బీరువాలో పెట్టేయకండి. మనవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఆ మౌనమే. సీఏసీఐలో పేరు ఉండటం నేరం రుజువైనట్టు కాదు, నిజమే. మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చెకింగ్‌లో అది బయటపడదు కూడా. కానీ ఒక బిడ్డను దత్తత తీసుకోవాలన్నా, ఫాస్టర్ కేర్‌కి (వేరేవాళ్ల పిల్లల్ని తాత్కాలికంగా ఇంట్లో పెంచడానికి) దరఖాస్తు పెట్టాలన్నా, ఇంట్లో డేకేర్ లైసెన్సు కావాలన్నా ఆ ఇండెక్స్ చూస్తారు. డేకేర్ పెట్టాలనుకునే అక్కలు ఇది బాగా గుర్తుంచుకోవాలి. మీ పేరు ఒక్కటే చూసి వదిలేయరు. ఆ ఇంట్లో ఉండే భర్త, మరిది, అత్తగారు, 18 దాటిన ప్రతి ఒక్కరి పేరూ చూస్తారు. పెద్దవాళ్ల పేరు ఒకసారి ఎక్కితే, తీయించుకోకపోతే, వాళ్లకు వందేళ్ల వయసు వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

నోటీసులో ఏ రకం ఆరోపణ అని రాశారో ముందు చూసుకోండి. శారీరక, లైంగిక, మానసిక హింస, తీవ్ర నిర్లక్ష్యం సీఏసీఐకి వెళ్తాయి. ‘జనరల్ నెగ్లెక్ట్’ (తీవ్రం కాని నిర్లక్ష్యం) వెళ్లకూడదు. అయినా పంపినట్టు కనిపిస్తే లాయర్‌కి చూపించాల్సిన మొదటి విషయం అదే.

834 నింపేటప్పుడు జరిగిందంతా అందులో రాయకండి. ఒప్పుకోవడం లేదని, ఎందుకో రెండు మూడు వాక్యాల్లో రాస్తే చాలు. చేతికిచ్చేటట్టయితే మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. పోస్టులో అయితే సర్టిఫైడ్ మెయిల్ చేసి రసీదు దాచండి. గడువు దగ్గరపడే దాకా ఆగితే పోస్టు ఆలస్యమే మీ కొంప ముంచుతుంది.

అర్జీ అందాక 60 రోజుల్లోపు హియరింగ్ పెట్టాలి. దానికంటే ముందే కౌంటీ తన దగ్గరున్న కాగితాలు మీకు చూపించాలి, మీరూ మీవి చూపించాలి. ఫిర్యాదు చేసినవారి పేరు మాత్రం కొట్టేసి ఇస్తారు. గెలుపోటములు తేలేది ఈ కాగితాల్లోనే అని నా నమ్మకం. ఒక్కో వాక్యం దగ్గరా ఆగి చదవండి. ‘చేతి మీద నీలి మచ్చ’ అని ఉందనుకోండి. అది సోషల్ వర్కర్ కళ్లారా చూసిందా, టీచర్ చెబితే రాసుకుందా? ఏ తేదీన? ఆ వారంలో పిల్లాడు సాకర్ ఆడుతూ పడ్డాడా, కోచ్‌కి మెసేజ్ పెట్టారా? పిల్లల డాక్టర్ రికార్డులో ఏముంది? ప్రతి వాక్యం పక్కనా మీ జవాబు, దానికి తగిన కాగితం పెట్టుకోండి. ‘మాది మంచి కుటుంబం’ అని పది మందితో ఉత్తరాలు రాయించడం కన్నా తేదీ ఉన్న ఒక్క కాగితం నయం.

శాంటా క్లారా కౌంటీ కేసు ఒకదాని మీద 2014లో అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. పన్నెండేళ్ల కూతుర్ని తల్లి చెక్క గరిటెతో పిరుదుల మీద కొట్టింది, కమిలింది. కౌంటీ ఆమె పేరు సీఏసీఐకి పంపింది. హద్దు దాటని క్రమశిక్షణకు తల్లికున్న హక్కును సరిగా లెక్కలోకి తీసుకోలేదని, కూతురి సాక్ష్యం వినకపోవడం కూడా తప్పేనని కోర్టు అంది. ఇది కొట్టడానికి ఇచ్చిన అనుమతి కాదు. ఆ తల్లిదండ్రులు అంతకుముందు వేరే దారులన్నీ ప్రయత్నించారు. పిల్లాడికి నిజంగా దెబ్బ తగిలి ఉంటే ముందు వాడి సంగతి చూడండి, పేరు సంగతి తర్వాత.

పిల్లలకు ‘ఇలా చెప్పు, అలా చెప్పు’ అని ఏమాత్రం నేర్పకండి. అది బయటపడితే మీ మాట ఇంకెవరూ నమ్మరు, పైగా ఆ బరువు మోసేది వాళ్లే. వాళ్లను సాక్షిగా పిలవాలా వద్దా అన్నది లాయర్‌తోనే తేల్చుకోండి. ఇంగ్లీషు రాని అమ్మమ్మో తాతయ్యో మాట్లాడాల్సి వస్తే తెలుగు దుబాసీ కావాలని ముందే రాసి అడగండి. మనవడి చేత అనువాదం చేయించకండి.

లాయర్‌ని పెట్టుకోవచ్చు, ఖర్చు మాత్రం మీదే. మీ మీద క్రిమినల్ కేసు కూడా ఉంటే లాయర్‌ని అడగకుండా హియరింగ్‌లో నోరు విప్పవద్దు. అక్కడ మాటలన్నీ రికార్డవుతాయి. వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా కలవండి. భర్త కొట్టాడు, భార్య అడ్డుకోలేదు అన్న తరహా ఆరోపణైతే ఇద్దరికీ ఒకే లాయర్ పనికిరాడు. ఇదే విషయం జువనైల్ కోర్టులో నడుస్తుంటే ఈ హియరింగ్ దొరకదు, అక్కడే పోరాడాలి.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఈ లెక్కలు పట్టుకోకండి. న్యూజెర్సీలో గడువు 20 రోజులే.

హియరింగ్‌లో ఓడితే సుపీరియర్ కోర్టులో రిట్ వేయవచ్చు. దానికీ గడువుంది, కాబట్టి నిర్ణయం చేతికొచ్చిన వారంలోనే లాయర్‌ని కలవండి. గెలిస్తే పేరు తీసేయమని న్యాయశాఖకు చెప్పినట్టు కౌంటీ నుంచి కాగితం అడిగి తీసుకోండి. కొన్నాళ్లాగి, నోటరీ చేయించిన అర్జీతో మీ పేరు ఇంకా ఇండెక్స్‌లో ఉందో లేదో న్యాయశాఖనే నేరుగా అడగండి.