గోడ మీద ఎవరి ఫొటో పెట్టాలి: దమ్మున్న బాక్సర్‌దా, పతకాలున్న బాక్సర్‌దా?

కర్నూలులోనో, కడపలోనో, అనంతపురంలోనో బాక్సింగ్ క్లబ్ నడుపుతూ పాత బాక్సర్ల ఫొటోలు గోడకు పెట్టాలనుకున్నారంటే మొదటి మీటింగ్‌లోనే గొడవ మొదలవుతుంది. ఒకరు "స్టేట్‌లో గోల్డ్ కొట్టినాడు, వాని ఫొటోనే ముందుండాల" అంటారు. ఇంకొకరు "పతకాలదేముందన్నా, ముక్కు పగిలినా రింగ్ దిగలేదు, ఆ గుండెకాయ ఎవరికుంది" అంటారు. ఇద్దరిదీ అభిమానమే, కాబట్టి గొంతు పెద్దదున్నవాళ్లు గెలుస్తారు. అలా కాకుండా ఉండాలంటే పేర్లు చర్చకు రాకముందే పద్ధతి తేల్చుకోండి. నా మాట ముందే చెప్తున్నా: గోడ ఎక్కించేది సాధించినదాన్ని చూసే. దమ్మును కూడా లెక్కలోకి తీసుకోవాలి, కానీ దానికి వేరే కొలత ఉంది.

మొదట సర్టిఫికెట్లు పక్కన పెట్టి డ్రా షీట్లు (ఎవరితో ఎవరు ఆడాలో, ఎవరు గెలిచారో రాసే పట్టికలు) అడగండి. బాక్సింగ్‌లో సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. ఒక వెయిట్‌లో (బరువు కేటగిరీలో) నలుగురే ఎంట్రీ ఇచ్చారనుకోండి, అందరూ నేరుగా సెమీస్‌లో ఉంటారు, అంటే ఒక్క బౌట్ (పోరు) కూడా గెలవకుండానే కాంస్యం చేతికొస్తుంది. జిల్లా, స్టేట్ మీట్లలో, ముఖ్యంగా బరువు కేటగిరీల్లో అటు చివర ఇటు చివర, ఇది జరిగేదే. ఇంకొకరు అదే మీట్‌లో పెద్ద డ్రాలో రెండు బౌట్లు గెలిచి క్వార్టర్స్‌లో ఓడితే చేతికి ఏమీ రాదు. అందుకే ఎన్ని పతకాలు అని కాదు, ఎన్ని బౌట్లు గెలిచారు, ఎవరి మీద గెలిచారు అని అడగాలి. షీట్లు దొరక్కపోతే అప్పటి కోచ్‌ను, అదే వెయిట్‌లో ఆడిన ప్రత్యర్థులను కనుక్కోండి. ప్రత్యర్థి చెప్పే మాటకు సొంత క్లబ్ వాళ్లు చెప్పేదానికంటే విలువెక్కువ.

ఓటమిని కూడా ఇలాగే చదవాలి. మన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ (బలమైనవాళ్లు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే ర్యాంకు) లేకపోవడంతో ప్రీక్వార్టర్స్‌లోనే చైనా బాక్సర్ వూ యూ ఎదురై ఓడిపోయింది, ఆ వెయిట్‌లో చివరికి స్వర్ణం గెలిచింది ఆ వూ యూనే. "పారిస్‌లో పతకం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ల చేతిలో ఎంపిక పెట్టొద్దు.

ఇక దమ్ము సంగతి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో కెనస్టోటా అనే చిన్న ఊరుంది, గొప్ప బాక్సర్లను ఎంచి గౌరవించే ఇంటర్నేషనల్ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉండేది అక్కడే. 2013లో ఆర్టురో గాట్టి అనే బాక్సర్‌ను అందులో చేర్చినప్పుడు, అతను దానికి తగినవాడేనా అని వచ్చిన వాదన ఇంకా ఆగలేదు. 40 గెలుపులు, 9 ఓటములు, రెండు వెయిట్లలో ప్రపంచ టైటిళ్లు, కానీ 2005లో మేవెదర్ లాంటి అగ్రశ్రేణి బాక్సర్ ఎదురైతే ఆరు రౌండ్లలోనే పోరు ముగిసింది. అతన్ని జనం గుర్తుపెట్టుకున్నది మికీ వార్డ్‌తో 2002, 2003లలో ఆడిన మూడు ఫైట్ల వల్ల. మొదటిదాంట్లో తొమ్మిదో రౌండ్‌లో పొట్ట మీద దెబ్బకు కిందపడి, లేచి, అదే రౌండ్‌లో తిరిగి వార్డ్‌ను వాయించినా చివరికి ఓడాడు. మూడోదాంట్లో కుడి చెయ్యి విరిగినా ఆడి గెలిచాడు. నేనైతే గాట్టికి ఓటు వేస్తా, కానీ దెబ్బలు తిన్నందుకు కాదు, ఓడుతున్న పోరును తిప్పగలిగినందుకు, ఆ టైటిళ్లు కూడా ఉన్నందుకు.

దమ్ముకు కొలత అదే: కష్టంలో ఉన్నప్పుడు ఏం చేశారు? కిందపడి, రిఫరీ అంకెలు లెక్కపెడుతుండగా లేచి ఆ రౌండ్ గెలిచారా, మొదటి రౌండ్ పోగొట్టుకుని మిగతా రెండూ తెచ్చుకున్నారా? ఊరికే తల ముందు పెట్టి పంచ్‌లు తినడం ఇందులోకి రాదు. ఈ విషయంలో నేను అస్సలు తగ్గను, ఎందుకంటే ఆ గోడను రోజూ చూసేది పన్నెండేళ్ల పిల్లలు. "నెత్తురు కారినా దిగలేదు" అని ఫొటో కింద రాస్తే వాళ్లు డిఫెన్స్ నేర్చుకోరు, పోరు ఆపమని కోచ్ టవల్ విసిరితే అవమానం అనుకుంటారు, తలకు తగిలే దెబ్బలు ఏళ్ల తరబడి మెదడును ఎలా దెబ్బతీస్తాయో వాళ్లకు ఎవరూ చెప్పరు. టోక్యో ఒలింపిక్స్‌లో మన బాక్సర్ సతీశ్ కుమార్ ముఖం మీద కుట్లతోనే క్వార్టర్‌ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ బాక్సర్ జలోలోవ్ మీద దిగాడు, 0-5తో ఓడాడు. ఆ తెగువకు దండం పెట్టాల్సిందే. కానీ అతని ఫొటో పెడితే కింద రాయాల్సింది 2014 ఏషియన్ గేమ్స్ కాంస్యం, 2018 కామన్వెల్త్ రజతం.

అవకాశమే రానివాళ్ల కోసం ఒక స్థానం విడిగా ఉంచండి. వందేళ్ల కిందటి నల్లజాతి బాక్సర్ శామ్ లాంగ్‌ఫోర్డ్‌కు ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం ఆడే ఛాన్స్ ఎప్పుడూ ఇవ్వలేదు, అయినా 1990లో కెనస్టోటా మొదటి జాబితాలోనే పెట్టారు, ఎందుకంటే అతను ఎవరెవరిని ఓడించాడో అందరికీ తెలుసు. మన దగ్గర ఛాన్స్ పోయే కారణాలు వేరు: నేషనల్స్‌కు రైలు ఛార్జీలు లేకపోవడం, ఇంటర్ కాగానే ఆడపిల్లను మాన్పించడం. ఇక్కడ కూడా జాలి చూపొద్దు, ఆమె ఎవరిని ఓడించిందో చూడండి. ఆమె చేతిలో ఓడిన అమ్మాయి తర్వాత నేషనల్స్‌లో పతకం తెస్తే అంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

ఇంకా ఆడుతున్నవాళ్లను పెట్టకండి. కెనస్టోటాలో చివరి ఫైట్ తర్వాత మూడేళ్లు ఆగాలి, మీరూ అంతే పెట్టుకోండి. ఓటు వేసేవాళ్లలో వేరే జిల్లా కోచ్ ఒకరు, రిఫరీగా చేసినవాళ్లు ఒకరు ఉండాలి, బంధువులు ఉండకూడదు, డొనేషన్ ఇచ్చిన పెద్దమనిషి అసలే ఉండకూడదు. ఓటు చీటీల మీద వేసి పెట్టెలో వేయించండి, చేతులెత్తిస్తే మొహమాటాలొస్తాయి. ఏడాదికి ఇద్దరికి మించి వద్దు, ఎవరూ సరిపోకపోతే ఆ ఏడు ఖాళీగా వదిలేయండి. ఫొటో కింద "వీరుడు", "పులి" లాంటివి రాయకుండా ఏ ఏడాది, ఏ వెయిట్, ఎవరి మీద, ఏ స్కోర్‌తో గెలిచారో రెండు లైన్లలో రాయించండి, పెయింటర్‌కు ఇచ్చేముందు ఆ బాక్సర్‌కే ఒకసారి చూపించి తప్పులుంటే దిద్దించుకోండి.