గ్రేట్ ఓర్మ్ ట్రామ్ ఎక్కాలంటే

వేల్స్‌లోని సముద్రతీర పట్టణం లాండుడ్నో వెళ్తే, గ్రేట్ ఓర్మ్ కొండ ఎక్కే ఈ ట్రామ్‌ని వదలొద్దు. 1902లో మొదలైంది, ఇప్పటికీ ఉక్కు తాడే లాగుతుంది. శీతాకాలంలో నడవదు కాబట్టి ఏప్రిల్, అక్టోబర్ నెలల మధ్య ప్లాన్ చేసుకోండి. సెలవుల్లో క్యూ పెరుగుతుంది, పొద్దున్నే వెళ్లిపోండి.

కొండ కింద ఉన్న విక్టోరియా స్టేషన్‌లో ఎక్కాక నాలాగే కొండ కిందివైపు చూస్తూ కూర్చోండి. ఇళ్ల మధ్య వీధిలోనే ఎక్కుతుంటే వెనకాల సముద్రం తెరుచుకుంటూ పోతుంది. ఇక్కడ తాడు కనబడదు, రోడ్డు కింద కాలువలో ఉంటుంది. ఒక బండి ఎక్కుతుంటే ఇంకొకటి దిగుతుంది, ఒకదాని బరువు ఇంకొకదానికి సాయం. ఈ కింది దారి సగంలో రెండూ పక్కపక్కన దాటుకుంటాయి, కెమెరా సిద్ధంగా ఉంచుకోండి.

హాఫ్‌వే స్టేషన్‌లో దిగి వేరే ట్రామ్ ఎక్కాలి. చాలామంది పరుగెత్తి వెళ్లిపోతారు. మీరు మాత్రం కాసేపు ఆగి, తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ములను చూడండి. ఒకప్పుడు ఆవిరితో తిరిగేవి, ఇప్పుడు కరెంటుతో. నాకైతే శిఖరం కన్నా ఇదే ఎక్కువ నచ్చింది. పై దారిలో తాడు పట్టాల మధ్య రోలర్ల మీద జారుతూ కళ్లెదుటే కనిపిస్తుంది.

పైన, 207 మీటర్ల ఎత్తున, గాలి గట్టిగా కొడుతుంది. ఎండగా ఉన్నా జాకెట్ తప్పనిసరి. టైముంటే తిరుగు దారిలో హాఫ్‌వే దగ్గర దిగి, కంచు యుగం నాటి రాగి గనులు కూడా చూసి రండి.