చెక్క పాలిష్‌లో లోపాలు: మచ్చ నుంచి మూలానికి, మూలం నుంచి మరమ్మతుకు

పాలిష్‌లో లోపం కనిపించగానే దానిపై మరో కోటు వేసి కప్పేద్దామనిపిస్తుంది. పారదర్శకమైన పూత ఏ లోపాన్నీ దాచదు. మెరుపు పెరిగే కొద్దీ దాన్ని మరింత ఎత్తి చూపుతుంది. కనుక ముందు పని ఆపి, ఆ లోపం స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) తుడుస్తున్నప్పుడు బయటపడిందా, స్ప్రే చేస్తుండగా వచ్చిందా, ఆరిన తరువాత తేలిందా అన్నది గుర్తు చేసుకోవాలి. ఆపైన గదిలో దీపాలు ఆర్పి, ఒక్క దీపాన్ని చెక్క అంచు దగ్గర పక్కవాటుగా పెట్టి చూస్తే, పైనుంచి చూసినప్పుడు నునుపుగా కనిపించిన చోట కూడా గీతలు, గుంటలు, ఉబ్బులు నీడలతో సహా తెలిసిపోతాయి.

స్టెయిన్ మచ్చలు మచ్చలుగా పట్టడం

ఇందుకు మూడు కారణాలుంటాయి, మూడింటికీ మందు వేరు. మొదటిది చెక్క స్వభావం. పైన్, బర్చ్, మేపుల్ వంటి చెక్కలలో సాంద్రత, గ్రెయిన్ (చెక్కలోని పోగుల వరుస) దిశ అంతటా ఒకేలా ఉండవు కనుక రంగు ఒకచోట లోతుగా ఇంకి, పక్కనే పైపైన నిలిచిపోతుంది. ఇలాంటి చెక్కకు స్టెయిన్ ముందు మైనం తీసిన షెల్లాక్‌ను (లక్కతో చేసే పూత) బాగా పలుచన చేసి ఒక కోటు వేస్తే పీల్చుకునే గుణం తగ్గి రంగు సమంగా వస్తుంది. లేదా లోపలికి అంతగా ఇంకని జెల్ స్టెయిన్ వాడవచ్చు. ఇప్పటికే మచ్చలు పడి ఉంటే, తేడా స్వల్పమైతే లాక్కర్‌లో (వేగంగా ఆరే పారదర్శక పూత) కొద్దిగా రంగు కలిపి పలుచగా స్ప్రే చేసి సర్దవచ్చు. ఎక్కువైతే మాత్రం మళ్లీ చెక్క దాకా గీకి మొదలుపెట్టడం తప్పదు.

రెండవది జిగురు. అతుకుల వెంబడి, వేలిముద్రల ఆకారంలో లేతగా మిగిలిన చోట్లు కనిపిస్తే అవి తుడిచేశామనుకున్న జిగురు మరకలే. స్టెయిన్ వేయకముందే చెక్కను టర్పెంటైన్‌తో తడిపి చూస్తే జిగురున్న చోటు తడి పీల్చుకోక లేతగా బయటపడుతుంది. అక్కడ గీకిన తరువాత ఆ చోటును మాత్రమే కాక పలక మొత్తాన్ని చివరి నంబరు ఎమరీ కాగితంతో రుద్దాలి, లేకపోతే బాగుచేసిన చోటే కొత్త మచ్చ అవుతుంది.

మూడవది రుద్దడంలో లోపం. గ్రెయిన్‌కు అడ్డంగా పడిన గీతలో, మెషిన్ వదిలిన సుడులలో రంగు చేరి నల్లగా తేలుతుంది. 120, 150, 180 నంబర్ల ఎమరీ కాగితాలను మధ్యలో ఏదీ వదలకుండా వాడి, చివరిసారి చేత్తో, గ్రెయిన్ వెంబడే రుద్దాలి. పలక అడ్డుకోత అంచులు రంగును మరీ ఎక్కువగా తాగుతాయి కనుక వాటిని మాత్రం ఒక నంబరు ఎక్కువ నునుపు చేయడం మేలు. నీటి ఆధారిత స్టెయిన్ అయితే ముందే తడిగుడ్డతో చెక్కను తడిపి, లేచిన నూగును ఆరిన తరువాత తేలికగా తీసేయాలి.

ఓక్ వంటి, టానిన్ (చెక్కలో సహజంగా ఉండే వగరు పదార్థం) ఎక్కువగా ఉన్న చెక్కలో నీలి నల్లటి చుక్కలు కనిపిస్తే అది స్టెయిన్ తప్పు కాదు. రుద్దడానికి వాడిన స్టీల్ ఊల్ (ఉక్కు పీచు) పోగులు మిగిలిపోయి తడి తగిలినప్పుడు ఇనుము టానిన్‌తో కలిసి నల్లబడుతుంది. పూత పూర్తిగా తీసిన చెక్కపై ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణాన్ని పలక మొత్తానికీ రాసి, మంచి నీటితో బాగా కడిగి ఆరబెట్టాలి. అది విషపదార్థం, దాని పొడి ముక్కును, గొంతును మండిస్తుంది. చేతొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోరాదు.

లాక్కర్ తెల్లబారడం

స్ప్రే చేసిన కొద్ది నిమిషాలకే పూతలో తెల్లటి పొగమంచు కమ్మితే గాలిలో తేమను అనుమానించాలి. నైట్రోసెల్యులోజ్ లాక్కర్‌లోని థిన్నర్ (పలుచన చేసే ద్రవం) వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది; ఆ చల్లదనానికి గాలిలోని నీటి ఆవిరి తడి పూతపైనే ఘనీభవించి అందులో చిక్కుకుంటుంది. వానాకాలంలో చవక థిన్నర్‌తో పని చేసేవారికి ఇది నిత్యం ఎదురయ్యే చిక్కు. స్వల్పంగా ఉంటే ఆరే కొద్దీ దానంతటదే పోతుంది. పోకపోతే, ఆలస్యంగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్‌ను పలుచగా స్ప్రే చేస్తే పూత మళ్లీ మెత్తబడి, చిక్కుకున్న తేమ బయటకు పోవడానికి వ్యవధి దొరుకుతుంది. తదుపరి కోటులో థిన్నర్‌లో కొంత భాగం రిటార్డర్ కలపడమో, గాలి పొడిగా ఉండే వేళకు పని వాయిదా వేయడమో చేయాలి. నా మట్టుకు వాయిదాకే మొగ్గు, ఎందుకంటే రిటార్డర్ ఎక్కువైతే పూత రోజుల తరబడి మెత్తగానే ఉండిపోతుంది.

తెలుపు మొత్తం పరుచుకోకుండా విడివిడి చుక్కలుగా వస్తే కంప్రెసర్‌లో చేరిన నీరు కారణం కావచ్చు. స్ప్రే గన్‌లో మందు (పూత ద్రవం) లేకుండా ఉత్త గాలిని శుభ్రమైన అద్దంపైకి కాసేపు వదిలితే నీటి తుంపర, నూనె జిడ్డు రెండూ అక్కడే కనిపిస్తాయి. ట్యాంకు అడుగు నీటిని రోజూ వదిలేయాలి, గొట్టానికి నీటిని వేరుచేసే ఫిల్టర్ బిగించాలి.

గుండ్రటి గుంటలు పడడం

మధ్యలో చెక్క కనిపిస్తూ, చుట్టూ గట్టు కట్టిన చేపకన్ను లాంటి గుంటలకు మూలం దాదాపు ఎప్పుడూ సిలికానే. పాత సామానుకు వాడిన ఫర్నిచర్ పాలిష్, తలుపు బందులకు కొట్టే స్ప్రే, చేతికి రాసుకున్న క్రీము, వీటిలో ఏదైనా చాలు. సిలికాన్ ఉన్న చోట తలతన్యత తగ్గిపోయి లాక్కర్ పక్కకు తొలగిపోతుంది. పూత తడిగా ఉండగానే గమనిస్తే మొత్తం థిన్నర్‌తో తుడిచేయడమే తక్కువ నష్టం. ఆరిపోయి ఉంటే రుద్ది, టర్పెంటైన్‌తో గుడ్డ మాటిమాటికీ మారుస్తూ కడగాలి. అదే గుడ్డ వాడితే సిలికాన్ పోదు, పరుచుకుంటుంది. తరువాత షెల్లాక్ రెండు పలుచటి కోట్లు అడ్డుగోడగా వేసి, ఆపైన లాక్కర్‌ను తుంపరగా మొదలుపెట్టాలి. ఈ గుంటలు రాకుండా కలిపే మందులు దొరుకుతాయి గానీ వాటిలో ఉండేదీ సాధారణంగా సిలికానే. ఒకసారి వాడితే గన్ కూడా దానితో కలుషితమవుతుంది కనుక మరో దారి లేనప్పుడే వాటి జోలికి వెళ్లాలి.

నారింజ తొక్కలా గరుకు, పూత కారడం

గరుకు వచ్చిందంటే బిందువులు ఒకదానిలో ఒకటి కలిసి చదునయ్యేలోపే ఆరిపోయాయన్నమాట. మందు చిక్కగా ఉండడం, గాలి ఒత్తిడి చాలకపోవడం, గన్ దూరంగా ఉండడం కారణాలు. చాలామంది ముందు ఒత్తిడి పెంచుతారు, కానీ ముందుగా సరిచూడవలసింది చిక్కదనం. మందు కొద్దిగా పలుచన చేసి, నల్లటి అట్టపై పరీక్షించి, గన్‌ను 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో చెక్కకు లంబంగా నడపాలి. ప్రతి వరుసా ముందటి వరుసలో సగాన్ని కప్పాలి. పూత కారడం దీనికి సరిగ్గా వ్యతిరేకం: గన్ మరీ దగ్గరగా ఉన్నా, చెయ్యి నెమ్మదించినా, అంచు దగ్గర ఆగినా మందు పేరుకుంటుంది. ట్రిగ్గర్ చెక్క అంచుకు ముందే నొక్కి, అంచు దాటిన తరువాతే వదలాలి. కారిన చోటు లోపలి దాకా గట్టిపడ్డ తరువాత బ్లేడుతో పలుచగా గీకి, చెక్క దిమ్మకు చుట్టిన 320, ఆపైన 400 కాగితంతో చదును చేసి తిరిగి స్ప్రే చేయాలి. రెండు భాగాలు కలిపే పీయూ (పాలియురేథేన్) మందుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, వాటికి దుమ్ము మాస్కు ఏమాత్రం చాలదు.

ఎండలోనో, మందంగానో స్ప్రే చేస్తే పైపొర ముందు గట్టిపడి లోపలి థిన్నర్ బుడగలుగా పైకి వస్తుంది. వాటిని రుద్ది, నీడలో పలుచటి కోట్లు వేస్తే సరిపోతుంది.

జిగట పోకపోవడం, ముడతలు రావడం

టేకు, రోజ్‌వుడ్ వంటి చెక్కలలోని సహజ తైలాలు నూనె ఆధారిత వార్నిష్ ఆరడాన్ని అడ్డుకుంటాయి. ఆరిందా లేదా అన్నది తేల్చడానికి ఒక మూల 320 కాగితంతో రెండు మూడుసార్లు రుద్దాలి: పొడి పొడిగా రాలితే ఆరినట్టు, కాగితానికి ముద్దలా అంటుకుంటే ఆరనట్టు. గాలి ఆడే వెచ్చటి గదిలో కొన్ని రోజులు ఉంచినా మారకపోతే తీసేసి, అసిటోన్‌తో తుడిచి, ఆలస్యం చేయకుండా షెల్లాక్ వేసి, ఆపైనే వార్నిష్ వేయాలి. ఈ పనిలో వాడిన అవిసెనూనె, వార్నిష్ గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆరే క్రమంలో వేడెక్కి వాటికి దానంతటదే నిప్పు అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

ముడతలు మాత్రం తొందర వల్ల వస్తాయి. సగం ఆరిన వార్నిష్ లేదా ఎనామిల్‌పై లాక్కర్ కొడితే దాని థిన్నర్ కింది పొరను ఉబ్బించి లేపేస్తుంది. ముడతపడ్డ పొరను పూర్తిగా గట్టిపడనిచ్చి రుద్ది తీసేసి, షెల్లాక్ వేసి, మొదటి లాక్కర్ కోట్లను తుంపరగానే వేయాలి. తడిగా నిండు కోటు వేస్తే షెల్లాక్‌ను కూడా దాటి థిన్నర్ కిందికి దిగుతుంది.