తరంగాల చాప్టర్ అర్థం కావాలంటే ముందు ఒక తాడు, ఒక స్టాప్‌వాచ్ పట్టుకోండి

తరంగాలు అనంగానే పిల్లోళ్ళు నేరుగా ఆ సైన్ సమీకరణం బట్టీ పట్టేస్తారు, అందులో ఏ అక్షరం దేనికో అడిగితే మాత్రం దిక్కులు చూస్తారు. దాన్ని రెండ్రోజులు పక్కనబెట్టండి. ముందు పట్టుకోవాల్సింది ఒకటే, యానకం, అంటే అల పోయే నీళ్ళో తాడో గాలో, యాడిది ఆడ్నే ఉంటాది, ముందుకు పోయేది శక్తి.

మైపాడో కొత్తపట్నమో, మీకు దగ్గరున్న బీచ్‌కి పోయి, అలలు విరిగే చోటుకి అవతల తేలతా ఉండే చెక్కముక్కో ఎండుకొమ్మో చూడండి. పైకి లేస్తాది, కాస్త ముందుకొస్తాది, కిందికి దిగతా మళ్ళీ వెనక్కి పోతాది, అంటే దాదాపు గుండ్రంగా తిరగతా ఉంటాది, అల మాత్రం దాని కిందనుంచి దాటుకుని ఒడ్డుకొచ్చేస్తాది. మరి ఒడ్డున నీళ్ళు కాళ్ళమీదకి వస్తాయి కదా అంటారు, అది లోతు తగ్గి అల విరిగినాక సంగతి, ఆడ నీళ్ళు నిజంగానే తోసుకొస్తాయి, అందుకే అవతల చూడమంది.

ఇప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి, ఒక శృంగం, అంటే అల పైకొన, ఆ చెక్కని దాటేటప్పుడు 'సున్నా' అని మొదలుపెట్టి పది దాకా లెక్కపెట్టండి. 'ఒకటి' అని మొదలుపెడితే పది అన్నప్పటికి అయ్యేది తొమ్మిది ఆవర్తనాలే, ప్రాక్టికల్స్‌లో కూడా ఇక్కడే దెబ్బతింటారు. 80 సెకన్లు పట్టిందనుకోండి, ఒక అల దాటడానికి పట్టే ఆవర్తన కాలం 8 సెకన్లు, సెకనుకి ఎన్ని అలలో చెప్పే ఫ్రీక్వెన్సీ 0.125 హెర్ట్జ్.

ఇంటికొచ్చి బట్టలారేసే తాడు ఒకటి కిటికీ ఊచకి కట్టి, మధ్యలో ఎర్ర గుడ్డపీలిక ముడేసి ఊపండి. పీలిక పైకీ కిందకీ ఆడతాదే గానీ కిటికీ దగ్గరికి పోదు, ఇది తిర్యక్ తరంగం. చెయ్యి ఎక్కువ ఎత్తుకి ఊపితే కంపన పరిమితి, అంటే మధ్య గీత నుంచి శృంగం దాకా ఉండే ఎత్తు, పెరుగుతాది. గబగబా ఊపితే శృంగాలు దగ్గర దగ్గరగా వస్తాయి, కానీ అల కిటికీకి ముందుగా ఏం చేరదు. ముందుగా చేరాలంటే తాడు బిగించి లాగాల్సిందే, ఆ బిగువు, అంటే తన్యత, నాలుగింతలైతే వేగం రెండింతలు అవుతాది. అంటే ఫ్రీక్వెన్సీ ఊపేవాడి చేతిలో ఉంటాది, వేగం యానకం చేతిలో ఉంటాది, తరంగదైర్ఘ్యం, అంటే పక్కపక్క శృంగాల మధ్య దూరం, ఆ రెండిటికీ తగ్గట్టు సర్దుకుంటాది. వేగం = ఫ్రీక్వెన్సీ × తరంగదైర్ఘ్యం అనే ఫార్ములాని ఇట్టా చదివితేనే ఉపయోగం.

2004 డిసెంబర్ 26 సునామీ మన తీరానికి ఇట్టానే వచ్చింది. సుమత్రా దగ్గర నీళ్ళు ఇక్కడిదాకా రాలా, శక్తి వచ్చింది. సునామీ వేగం సముద్రం లోతుని బట్టి ఉంటాది, 4000 మీటర్ల లోతులో గంటకి దాదాపు 700 కిలోమీటర్లు. ఒడ్డుకొచ్చే కొద్దీ లోతు తగ్గి వేగం పడిపోతాది, ఆవర్తన కాలం మారదు కాబట్టి తరంగదైర్ఘ్యం కుదించుకుపోతాది, ఆ శక్తంతా కొంచెం చోట్లో ఇరుక్కుని ఎత్తు లేస్తాది. నడిసముద్రంలో పడవలోళ్ళకి తెలియనిది ఒడ్డున ఊళ్ళమీద పడేది అందుకే.

ధ్వని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, గాలి అణువులు తరంగం పోయే దిక్కులోనే ముందుకీ వెనక్కీ కదులుతాయి, అది అనుదైర్ఘ్యం.

మార్కులు పోయేది గ్రాఫ్ దగ్గర. అడ్డగీత మీద దూరం ఉంటే రెండు శృంగాల మధ్య ఉండేది తరంగదైర్ఘ్యం, అదే అడ్డగీత మీద కాలం ఉంటే ఆవర్తన కాలం. రెండు బొమ్మలూ చూడ్డానికి ఒకటే, కాబట్టి బొమ్మ చూసేముందు గీత కింద ఏం రాశాడో చూడండి.

ఒక లెక్క చేసి చూడండి. 170 హెర్ట్జ్ శబ్దం, గాలిలో వేగం సెకనుకి 340 మీటర్లు, తరంగదైర్ఘ్యం 2 మీటర్లు. అదే శబ్దం నీళ్ళలోకి పోతే వేగం సుమారు 1500, తరంగదైర్ఘ్యం 8.8 దాకా పోతాది. నీళ్ళలో ఫ్రీక్వెన్సీ ఎంత అని అడిగితే మాత్రం కాలిక్యులేటర్ తీయమాకండి, అదే 170.