కారు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డలు ఉతకడం ఎలా? బోరు ఉప్పగా ఉన్నా, ఖర్చు పెరగకుండా

కోనసీమలో పెరడున్న ఇంట్లో బట్టలారేసే దండెం చాలావరకు కొబ్బరి తాడే. మా ఇంట్లోనూ అంతే. కొత్తగా కొన్న నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు ఉతికి ఆ దండెం మీదే వేశాను. ఆరాక తీసి చూస్తే గుడ్డ నిండా గోధుమరంగు పీచు, మీసాల్లా. దులిపితే రాలదు, జాడిస్తే పోదు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ గోళ్లతో పీకుతుంటే మా అమ్మ చూసి, "కారుకి పేలు చూస్తున్నావేంట్రా?" అంది.

పీచు అలా అంటుకోడానికి కారణం ఆ గుడ్డ తయారీలోనే ఉంది. పాలియెస్టర్, పాలియమైడ్ అనే నైలాన్ కలిపి తీసిన సన్నటి పోగు అది. ప్యాకెట్ మీద 80/20 అనో 70/30 అనో రాసుండేది ఆ రెండిటి పాళ్లే, ముందంకె పాలియెస్టర్‌ది. ఆ పోగుని మళ్లీ నిలువునా చీలికలు చేస్తారు. దుమ్మైనా నీళ్లైనా ఎక్కేది ఆ చీలికల సందుల్లోకే. ఆ సందులు పూడిపోతే గుడ్డ ఎంత తెల్లగా కనిపించినా పనికిరాదు. సబ్బు మడ్డి పూడుస్తుంది, మైనం పూడుస్తుంది, ఉప్పునీటిలోని సున్నం పూడుస్తుంది. ఇస్త్రీ పెట్టె అయితే కరిగించేస్తుంది.

కాబట్టి ఉతికే ముందే ఒక చిన్న పరీక్ష. శుభ్రంగా ఉన్న అద్దం మీద దోసెడు నీళ్లు చల్లి గుడ్డతో ఒక్కసారి లాగండి. నీళ్లు పీల్చుకుంటే బాగున్నట్టు. పక్కకి తోసేస్తుంటే సందులు పూడినట్టు. అలాంటిదాన్ని పారేయకండి, కింద చెప్పే నిమ్మ ఉప్పుతో (సిట్రిక్ యాసిడ్) చాలావరకు బాగుపడుతుంది.

వేరు చేయడం

బాడీకీ అద్దాలకీ వాడినవి ఒక కుప్ప, లోపల డాష్‌బోర్డూ సీట్లూ తుడిచినవి ఇంకో కుప్ప, చక్రాలూ ఇంజనూ తుడిచినవి దూరంగా మూడో కుప్ప. బ్రేకుల నుంచి రాలే ఇనప పొడి చక్రాల గుడ్డలో ఉంటుంది. దాన్ని బాడీ గుడ్డలతో కలిపి ఉతికితే ఆ పొడి వీటికెక్కి, రేపు పెయింటు మీద గీతలు పడతాయి. రంగులు వేరువేరుగా కొనుక్కుంటే సరే, లేదంటే మూలన రెండు కుట్లు ఎర్రదారం వేసుకోండి చాలు. అంచుకి కుట్టిన గట్టి లేబుల్ ఉంటే కత్తిరించి పడేయండి, అదీ గీస్తుంది.

నూలు తువ్వాళ్లూ లుంగీలూ వీటితో కలపొద్దు. వాటి నూగంతా ఇవి లాగేసుకుంటాయి.

మట్టి వదిలించడం

రైస్ మిల్లు దగ్గర ఇల్లున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, తెల్లారేసరికి కారు మీద నల్లటి ఊక బూడిద పరుచుకుని ఉంటుంది. ముట్టుకుంటే మెత్తగానే తోస్తుంది గానీ అందులో ఎక్కువ భాగం సిలికా, ఇసకలో ఉండే సరుకే. పొడిగుడ్డతో దాన్ని తుడవడమంటే పెయింటుని ఇసక్కాగితంతో రుద్దినట్టే. ముందు కారు మీద ధారాళంగా నీళ్లు పోసి బూడిద పోనివ్వండి, తరవాతే గుడ్డ. ఉతికేటప్పుడూ అదే వరస. సబ్బు పెట్టకముందే గుడ్డని నీళ్ల ధార కింద పట్టి, నల్లనీరు ఆగేదాకా పిండుతూ ఉండాలి.

బండకేసి బాదడం మాత్రం వద్దు. పోగులు తెగుతాయి, బండ మీది ఇసక లోపల దిగుతుంది. కాలువ రేవులోనూ వద్దు. ఇది ప్లాస్టిక్ గుడ్డే, ఉతికినప్పుడల్లా కంటికి కనపడని ముక్కలు రాలతాయి. ఆ కాలువ దిగువన చేలకీ చెరువులకీ పోతుంది.

నీళ్లు, సబ్బు

మన దగ్గర అసలు తంటా నీళ్లతోనే. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీరు మంచినీరే, సబ్బు బాగా నురగొస్తుంది. కానీ గోదారికి ఎర్రనీరు తగిలిందంటే అందులో ఒండ్రు. డ్రమ్ములో రాత్రంతా తేరనిచ్చి పైనీరు వంచుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేస్తే బోరే గతి. అంతర్వేది, మొగల్తూరు లాంటి సముద్రం వైపు ఊళ్లలో చాలాచోట్ల ఆ బోరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటిలో సబ్బు సరిగా నురగరాక, ఇంకొంచెం ఇంకొంచెం అని పోస్తాం. ఆ ఎక్కువైన సబ్బే మడ్డి కట్టి గుడ్డలో ఉండిపోతుంది.

అరబకెట్ గోరువెచ్చటి నీళ్లు తీసుకోండి. 40 డిగ్రీలు చాలు, చెయ్యి హాయిగా పెట్టగలిగినంత. అందులో ఒక పెద్ద చెంచాడు లిక్విడ్ డిటర్జెంటు. పొడి సబ్బు అయితే కరగని పలుకులు సందుల్లో ఇరుక్కుంటాయి. ఎనిమిది పది గుడ్డలు అరగంట నాననిచ్చి, బ్రష్షు పెట్టకుండా చేత్తోనే నొక్కి వదిలి నొక్కి వదిలి ఉతకండి. పాలిష్ మరకలుంటే ఆ చోట గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి వేళ్లతో రుద్దితే వదులుతుంది. మెషిన్ అయితే జెంటిల్ మోడ్‌లో పెట్టి, ఒక జాడింపు అదనంగా పెట్టుకోండి.

సువాసన కోసం ఆఖర్న పోసే కండిషనర్ జోలికి పోవద్దు. దాని పనే పోగు మీద మెత్తటి పూత పెట్టడం, ఇక్కడ అదే శత్రువు. బ్లీచింగూ వద్దు.

నిమ్మ ఉప్పు

ఇది ప్రతిసారీ కాదు, గుడ్డ నీళ్లు పీల్చడం తగ్గినప్పుడు. అరబకెట్ నీళ్లలో ఒక టీ చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, ఉతికిన గుడ్డలు అరగంట ఉంచండి. పులుపుకి సున్నం కరిగిపోతుంది. తెల్ల వెనిగర్ అయినా పావు గ్లాసు పోయొచ్చు, నిమ్మ ఉప్పు చవక. ఒక్క జాగ్రత్త: బ్లీచింగ్ కలిసిన బకెట్‌లో ఈ పులుపు ఏదీ పోయకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం.

ఆఖరి జాడింపుకి నా దగ్గర పైసా ఖర్చులేని ఉపాయం ఉంది. ఏసీ పైపు కింద బకెట్ పెడతాను. గాల్లో తేమ చల్లబడి కారే నీరు కాబట్టి అందులో ఉప్పులు దాదాపు ఉండవు. మన ఉక్కకి ఒక రాత్రి ఏసీ నడిస్తే గుడ్డలు జాడించడానికి సరిపడా పడుతుంది. కాస్త దుమ్ము ఉంటే అడుక్కి తేరనిచ్చి వంచుకోవడమే. వానాకాలంలో చూరు నీళ్లు పట్టుకున్నా ఇంతే పని చేస్తాయి, మొదటి వాన నీళ్లు మాత్రం వదిలేయాలి.

ఆరేయడం

కొబ్బరి తాడు కథ చెప్పాను కదా. ప్లాస్టిక్ తాడు కట్టుకోండి, అదీ నీడలో, ఇసక లేవని చోట. మే నెల ఎండలో రోజంతా వదిలేస్తే నైలాన్ బలం తగ్గుతుంది, గుడ్డ బిరుసెక్కుతుంది. ముసురు పట్టిన వారంలో ఫ్యాను కింద విడివిడిగా పరవండి. తడి గుడ్డ ఉండచుట్టి డిక్కీలో పడేస్తే రెండు రోజుల్లో బూజు కంపు. ఆరాక నాలుగు విదుపులు విదిపి మూతున్న డబ్బాలో పెట్టుకోవాలి.

కారు తుడుస్తూ గుడ్డ నేల మీద పడితే దులిపి మళ్లీ వాడకండి, ఉతికాకే. నునుపు పోయి వేలికి గరగరమంటుంటే బాడీకి పనికిరాదు. లోపలికి వాడండి, తరవాత చక్రాలకి, తరవాత సైకిల్ చైనుకి. మా పెరట్లో మోటారు పక్కన మేకుకి వేలాడేది అలా దిగుతూ దిగుతూ వచ్చిందే.

మంచివాటిలో ఒకటి మా అమ్మ టీవీ తుడవడానికి తీసుకుంది. దాన్ని ఇప్పటికీ కండిషనర్ పోసే ఉతుకుతుంది. అడిగితే, "వాసన బాగుంటుంది కదరా" అంటుంది.